బడి కోసం ఒక సముద్రం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా లక్డీకాపూల్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నా, మీరూ వదినా కొరియా పోయొచ్చిన్రు గదా, ఆ ముచ్చట ఒక పావుగంట చెప్పాలె" అన్నాడు. స్వర్ణోత్సవ సభలో విహారయాత్ర కబుర్లు ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ ద్వీపంలో నేను చూసిన కొండలు, జలపాతాలు చాలావరకు మరిచిపోయాను. రెండు బడుల సంగతి మాత్రం మరిచిపోలేదు. అందుకే ఒప్పుకున్నాను.

ముందు యాత్ర సంగతి చెప్తాను. 2019 ఏప్రిల్‌లో, అంటే కరోనాకు ముందు ఏడాది, మా పెళ్లయి 40 ఏళ్లు నిండాయి. నలభై ఏళ్లలో మేమిద్దరమే కలిసి చేసిన ప్రయాణాలంటే తిరుపతి, శ్రీశైలం, ఒకసారి కాశీ. అవి కూడా మొక్కు తీర్చుకోవడానికే. ఈసారి ఏ మొక్కూ లేకుండా పోయిరండి అని మా కోడలు పట్టుబట్టింది. ఆమె కొరియా సీరియళ్లు చూస్తుంది. "అత్తమ్మా, జెజు దీవి చూడాల్సిందే" అని టికెట్లు, గది అన్నీ తనే చూసింది. కొరియా అనగానే మనకు పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ గుర్తొస్తుంది, ఇళ్లలో టీవీ, ఫ్రిజ్ గుర్తొస్తాయి. ఆ దేశానికి దక్షిణాన సముద్రంలో ఒక ద్వీపం ఉందని నాకు అంతవరకు తెలియదు.

శంషాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా సియోల్ పక్కన ఉన్న ఇంచియోన్‌కు చేరాం. అక్కణ్నుంచి రైల్లో గింపో విమానాశ్రయానికి పోయి, ఇంకో విమానం ఎక్కితే గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం, జెజు వచ్చేస్తుంది. ప్రపంచంలో విమానాలు అత్యధికంగా తిరిగే దారుల్లో సియోల్–జెజు ఒకటి. మన సిటీ బస్సుల్లా ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. గడియారం మూడున్నర గంటలు ముందుకు తిప్పుకున్నాం. అప్పట్లో మన రూపాయికి 16 వోన్ల పైచిలుకు వచ్చేవి. ఇప్పుడు లెక్క మారి ఉంటుంది.

ద్వీపం విస్తీర్ణం దాదాపు 1,850 చదరపు కిలోమీటర్లు. మన జీహెచ్ఎంసీ అప్పటి విస్తీర్ణానికి మూడింతలకు కొంచెం తక్కువ. జనం మాత్రం 7 లక్షల లోపే. నడుమ హల్లాసాన్ అనే కొండ, ఎత్తు 1,947 మీటర్లు. దక్షిణ కొరియాలో అంతకంటే ఎత్తయినది లేదు. అది అగ్నిపర్వతం. ద్వీపమంతా అది, దాని పిల్ల కొండలు కక్కిన లావాతో తయారైందే. ఎక్కడ చూసినా నల్లరాయి. పొలం గట్టు నల్లరాయి, ఇంటి గోడ నల్లరాయి, ఊరి పొలిమేరల్లో నిలబెట్టే తాత విగ్రహాలు, వాళ్ల భాషలో దోల్‌హరుబాంగ్‌లు, అవీ నల్లరాయే. మన హైదరాబాద్ గుట్టలు గ్రానైటు, వాటి వయసు 200 కోట్ల సంవత్సరాల పైమాట. వాటి ముందు జెజు రాయి నిన్న పుట్టిన పసిపాప.

ఆ దీవిలో మూడు ఎక్కువ, మూడు లేవు అని వాళ్ల సామెత. ఎక్కువైనవి రాళ్లు, గాలి, ఆడవాళ్లు. లేనివి దొంగలు, బిచ్చగాళ్లు, గేట్లు. గేటు బదులు ఇంటి ముందు రెండు రాతి స్తంభాలు, వాటికి రంధ్రాలు, వాటిలో అడ్డంగా పెట్టే మూడు కట్టెలు. దాన్ని జోంగ్‌నాంగ్ అంటారు. మూడూ కింద ఉంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు. ఒకటి పెట్టి ఉంటే ఇక్కడే ఎక్కడో ఉన్నాడు, వచ్చేస్తాడు. మూడూ పెట్టి ఉంటే దూరం పోయాడు, ఇవాళ రాడు. మనం కట్టె వంతెన పేరు మోస్తున్న లక్డీకాపూల్ వాళ్లం కదా, కట్టె ముచ్చట వస్తే చెవి నిక్కుతుంది. తాళం లేకుండా మూడు కట్టెలతో ఊరంతటికీ కబురు చెప్పే పద్ధతి నాకు భలే నచ్చింది.

నాలుగు రాత్రులు ఉన్నాం. కారు తీసుకోలేదు. నీలం బస్సులు, నంబరు 201, తూర్పు తీరం వెంబడి ఊరూరా ఆగుతూ పోతాయి. అప్పట్లో ఎక్కడ దిగినా 1,200 వోన్లు, అంటే మన డబ్బులో 70, 75 రూపాయలు. తిండికి మాత్రం ఆమెకు కొంచెం ఇబ్బంది అయింది. ఆమె చేపలు, మాంసం ముట్టదు, అక్కడ కూరగాయల కిమ్చీలో కూడా చేపల రసం పడుతుంది. మేం తీసుకెళ్లిన సకినాలు, కందిపొడి, వాళ్ల అన్నంతో నాలుగు రోజులు గడిపేసింది. మేం దిగిన ఇంటి యజమానురాలికి సకినాలు ఇస్తే కరకరా నమిలి, ఇంకో రెండు అడిగి తీసుకుంది. అక్కడి పిల్లలు తల్లిని 'ఒమ్మా' అని, తండ్రిని 'అప్పా' అని పిలుస్తుంటే మా ఆవిడ ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసేది.

రెండో రోజు సోంగ్‌సాన్ ఇల్‌చుల్‌బోంగ్ ఎక్కాం. సముద్రం లోపల అగ్నిపర్వతం పేలి, దాదాపు 5,000 ఏళ్ల కింద పైకి లేచిన కొండ అది. ఎత్తు 180 మీటర్లే కానీ మెట్లు నిటారుగా ఉంటాయి. పైన పెద్ద గిన్నెలాంటి పచ్చటి లోయ, చుట్టూ అంచున పళ్లవరసలా రాతి శిఖరాలు. కింద పసుపుపచ్చటి పూల చేలు, మన ఆవచేలలాంటివే. హల్లాసాన్‌తో, లావా గుహలతో కలిపి ఈ కొండకు కూడా 2007లో యునెస్కో ప్రపంచ సహజ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నాలుగు చోట్ల కూర్చుని, నీళ్లు తాగి, చివరికి పైకి చేరింది. దిగేటప్పుడు నాకంటే ముందుంది.

ఇక మొదటి బడి సంగతి.

మూడో రోజు పొద్దున మాన్‌జాంగ్‌గుల్ అనే గుహకు పోయాం. పైన లావా గడ్డకట్టి, లోపల వేడి లావా పారిపోతే మిగిలిన సొరంగం అది. మొత్తం పొడవు 7 కిలోమీటర్లకు పైనే, జనాన్ని ఒక కిలోమీటరు వరకు పోనిస్తారు. మన మెట్రో రైలు దూరిపోయేంత వెడల్పు ఉన్న చోట్లున్నాయి. నేల గరుకు, పైనుంచి నీళ్ల చుక్కలు, ఏప్రిల్‌లో కూడా చలి. మీలో ఎవరైనా పోతే గుహ తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి, రాళ్లు రాలినప్పుడు మూసేస్తుంటారు.

ఆ గుహ లోపలి సంగతి లోకానికి తెలిపింది ఏ శాస్త్రవేత్తల బృందమో కాదు, ఒక ప్రాథమిక పాఠశాల. 1946లో గిమ్‌న్యోంగ్ అనే ఊరి బడిలో బు జోంగ్‌హ్యు అనే మాస్టారు ఉండేవాడు. వయసు 20 ఏళ్లు. జపాను పాలన పోయి ఏడాది అయింది. కొరియాకు విడుదల వచ్చింది 1945 ఆగస్టు 15న. మన తేదీయే, రెండేళ్లు ముందు. దేశం పేదది, బడి పేదది. ఈ కుర్ర మాస్టారు తన బడి పిల్లలను 30 మంది దాకా వెంటేసుకుని గుహలోకి దిగాడు. కరెంటు దీపాల్లేవు, కాగడాలు. బూట్లు లేవు, గడ్డితో అల్లిన చెప్పులు. కొందరు పిల్లలు కాగడాలు పట్టారు, కొందరు కొలతలు తీశారు, కొందరు రాసుకున్నారు. ఒక్కసారితో అయిపోలేదు, మళ్లీ మళ్లీ పోయారు. 1947లో అవతలి కొస కనుక్కున్నారు. గుహకు ఆ పేరు పెట్టింది కూడా ఆ మాస్టారే. తర్వాతి కాలంలో ఆయన హల్లాసాన్ మీద మొక్కలను వెతికి నమోదు చేస్తూ బతుకంతా గడిపి 1980లో పోయాడు.

గుహ దగ్గర ఆ మాస్టారి పేరు, పిల్లల దండు పేరు తలుచుకుంటారు. 'చిన్నారి అన్వేషకులు' అంటారు వాళ్లను. యునెస్కో జాబితాలోకి ఎక్కిన గుహను మొదట కొలిచినవాళ్లు ఐదారు తరగతుల పిల్లలని చదివినప్పుడు నాకు మన సైన్సు మాస్టార్లు కళ్లముందు మెదిలారు. మనల్ని జూపార్కుకు వరసలో నిలబెట్టి తీసుకుపోయినవాళ్లు, టిఫిన్ డబ్బాలు తెచ్చుకోని పిల్లలకు తమ డబ్బా సగం పెట్టినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. పాఠం తరగతి గదిలో మొదలై గది బయట పూర్తవుతుందని ఆ గుహలో నడుస్తుంటే అనిపించింది.

రెండో బడి సంగతికి ముందు అక్కడి ఆడవాళ్ల సంగతి చెప్పాలి.

జెజులో హెన్యో అని పిలిచే ఆడవాళ్లు ఉంటారు. అంటే సముద్రపు ఆడవాళ్లు. సిలిండర్లు, గొట్టాలు ఏమీ లేకుండా, ఊపిరి బిగబట్టి 10 మీటర్ల లోతు దాకా మునిగి, నత్తలు, గవ్వజాతులు, సముద్రపు నాచు ఏరుకొస్తారు. ఒక్కో మునకకు నిమిషం పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అట్లా రోజుకు ఆరేడు గంటలు. నీటి మీదికి రాగానే బిగబట్టిన గాలి వదులుతుంటే సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. దాన్ని సుంబిసోరి అంటారు, ఊపిరి శబ్దం అని. సోంగ్‌సాన్ కొండ కింద నలుగురు పెద్దమ్మలు మునిగి చూపిస్తుంటే మేం విన్నాం. వాళ్లలో ఒకామె మా అమ్మ వయసులా కనిపించింది. ఆ ఈల విన్నప్పుడు ఒడ్డున ఉన్న పర్యాటకులు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ చప్పట్లు కొట్టలేదు. "ఎంత కష్టమండీ" అని మాత్రం అంది.

హెన్యోల సంస్కృతికి 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. హాదో అనే ఊళ్లో వాళ్ల మ్యూజియం ఉంది, తప్పక చూడాలి. 1970 ప్రాంతంలో 14 వేల మందికి పైగా ఉండేవాళ్లు. మేం పోయేనాటికి 4 వేల కంటే తక్కువ, వాళ్లలో ఎక్కువ మంది 60 దాటినవాళ్లు. వాళ్ల బిడ్డలు చదువుకుని ఉద్యోగాలకు పోయారు. తల్లులు మునిగింది అందుకే కాబట్టి దాన్ని నష్టమని కూడా అనలేం.

మ్యూజియంలో నన్ను నిలబెట్టినవి రెండు. ఒకటి బుల్‌తొక్. ఒడ్డున రాళ్లతో గుండ్రంగా కట్టిన దడి, నడుమ మంట. మునిగి వచ్చినవాళ్లు అక్కడ చలి కాచుకుంటారు, బట్టలు మార్చుకుంటారు, చిన్నవాళ్లు పెద్దవాళ్ల దగ్గర పని నేర్చుకుంటారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో అనుభవాన్ని బట్టి ఉంటుంది. రెండోది, 'హల్మాంగ్ బాదాంగ్', అవ్వల సముద్రం. ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ ఉన్నచోటును ముసలి హెన్యోల కోసం వదిలేస్తారు. వయసులో ఉన్నవాళ్లు అక్కడ చెయ్యి పెట్టరు. ఎవరూ దానం చేయనక్కర్లేదు, ముసలామె తన కూడు తనే సంపాదించుకుంటుంది. మర్యాద అంటే అదీ అనిపించింది.

ఆ సాయంత్రం మా ఇంటి యజమానురాలి కూతురు, ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి, "మీకు ఇవన్నీ నచ్చితే రేపు ఓన్‌ప్యోంగ్ బడి చూసిపొండి, దగ్గరే" అంది. మా జాబితాలో అది లేదు. నాలుగో రోజు అదే 201 బస్సెక్కి పోయాం. చిన్న ఊరు, చిన్న బడి, వెనక సముద్రం.

1950లో ఆ బడి కాలిపోయింది. ఆ ఏడు కొరియా యుద్ధం మొదలైంది. జెజుకు అంతకు ముందే నిప్పంటుకుంది. 1948 ఏప్రిల్ 3న మొదలైన తిరుగుబాటు, దాన్ని అణచడానికి జరిగిన ఊచకోత 1954 దాకా సాగాయి. 25 వేల నుంచి 30 వేల మంది చనిపోయారని అంచనా. ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. దశాబ్దాల పాటు ఆ మాట ఎత్తడానికే జనం భయపడ్డారు. 2003లో ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. ఏప్రిల్‌లో మేం ఫొటోలు దిగిన పూల చేల కింద అంత దుఃఖం ఉంది.

అట్లాంటి రోజుల్లో బడి కాలిపోతే ఎవరు కడతారు? ఊళ్లో డబ్బున్నది ఎవరి దగ్గర? హెన్యోలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. తమ ఊరి సముద్రంలో ఒక భాగాన్ని బడికి రాసిచ్చారు. దానికి 'హక్‌క్యో బాదాంగ్' అని పేరు, బడి సముద్రం. అందులో కోసిన నాచు అమ్మిన డబ్బులో ఒక్క పైసా ఇంటికి తీసుకుపోకూడదు, అంతా బడికే. అట్లా ఏళ్ల తరబడి మునిగి, తరగతి గదులు లేపారు. ఆ ఆడవాళ్లలో చాలామంది బడి గడప తొక్కనివాళ్లు. వాళ్ల మేలుకు గుర్తుగా బడి దగ్గర ఒక రాయి నాటారు. దాని మీది అక్షరాలు మాకు చదవరావు, ఆ అమ్మాయి ముందే చెప్పింది కాబట్టి అర్థమైంది.

మా ఆవిడ ఆ రాయి ముందు చాలాసేపు నిలబడింది. ఆమెది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఏడో తరగతితో చదువు ఆగింది. హైస్కూలు ఆరు కిలోమీటర్ల దూరం, ఆడపిల్లను ఒంటరిగా పంపలేదు. లెక్కల్లో తరగతిలో మొదటిదట. నలభై ఏళ్లలో ఈ సంగతి రెండు మూడుసార్లు చెప్పి ఉంటుంది, ఎప్పుడూ నవ్వుతూనే. ఆ రోజు నవ్వలేదు. "ఏమండీ, మా ఊళ్లో అందరికీ పొలాలుండె, బావులుండె. ఒక్క మడి బడికని పక్కకు పెడదామని ఎవ్వరికీ తోచలే. తోచి ఉంటే నేను పది చదివేదాన్ని" అంది. నా దగ్గర జవాబు లేదు. బస్సు వచ్చేదాకా ఇద్దరం అక్కడే గోడ మీద కూర్చున్నాం.

మనకు ఇట్లాంటివి లేవని కాదు. పల్లెల్లో గుప్పెడు బియ్యం పక్కకు తీసి మంచి పనికి ఇచ్చిన తల్లులు మన దగ్గరా ఉన్నారు. నిజాం కాలంలో, ఉర్దూ రాజ్యమేలుతున్నప్పుడు, 1928లో మాడపాటి హనుమంతరావు గారు పూనుకుంటే నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు బడి వెలిసింది. మన ఇళ్లలో అమ్మమ్మలు, నానమ్మలు ఎందరో అక్కడ చదివినవాళ్లే.

ఇక మన బడి సంగతి. నేను పదో తరగతి చదివినప్పుడు మూడు సెక్షన్లు. ఇప్పుడు ఒకటే, అందులోనూ బెంచీలు ఖాళీ. చుట్టూ ఆస్పత్రులు, ఆఫీసులు, హోటళ్లు పెరిగాయి, కాపురముండే ఇళ్లు తగ్గాయి. ఇప్పుడు మన బడికొచ్చే పిల్లలు ఎవరు? హోటళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు, పాలమూరు నుంచి, ఇంకా అవతలి నుంచి కూలికొచ్చినవాళ్ల పిల్లలు. తల్లిదండ్రులకు పని మారితే పిల్ల చదువు మధ్యలో ఆగుతుంది. ముఖ్యంగా ఎనిమిది దాటిన ఆడపిల్లలు. మా ఆవిడ కథ ఆరు కిలోమీటర్ల దూరం వల్ల ఆగింది. ఈ పిల్లల కథ బస్‌పాసు, పరీక్ష ఫీజు, ఇంట్లో చంటిపిల్ల దగ్గర ఆగుతోంది. కారణం చిన్నదే, ఆగడం మాత్రం ఒకటే.

స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు ఆర్చి కట్టిద్దామని ఒక ప్రతిపాదన ఉంది. దాన్ని నేను వద్దనను. అయితే దానితో పాటు మనం కూడా ఒక 'బడి సముద్రం' గీసుకుందామని నా మనవి. హెన్యోలు తమ సముద్రం మొత్తం ఇవ్వలేదు. ఒక మూల ఇచ్చారు, కానీ ఆ మూలలో దొరికింది మళ్లీ ముట్టుకోలేదు. మనలో అద్దెలు వచ్చేవాళ్లున్నారు, పెన్షన్ వచ్చేవాళ్లున్నారు, దుకాణాలు నడిపేవాళ్లున్నారు. ఏడాదిలో ఒక నెల అద్దెలో కొంత, ఒక రోజు గల్లా, ఒక నెల పెన్షన్‌లో పదో వంతు, ఎవరికి వీలైనంత వాళ్లు, ఇది బడిది అని ముందే పేరు పెట్టి పక్కకు తీద్దాం. దాంతో తొమ్మిది, పది తరగతుల్లో చదువు ఆగిపోయేలా ఉన్న పిల్లలను గుర్తుపట్టి, ఆ అడ్డం తీసేద్దాం. ఎవరికి అవసరమో టీచర్లకు తెలుసు, వాళ్లనే అడుగుదాం. పిల్లల పేర్లు మైకులో చదవొద్దు, ఫొటోలు వద్దు.

ఇంకొకటి. మన టీచర్లు ఏ ఏడాదైనా పిల్లలను గోల్కొండకో, అనంతగిరికో, ఏ ప్రయోగశాలకో తీసుకుపోతామంటే బస్సు ఖర్చు మనది. ఆ 20 ఏళ్ల మాస్టారికి కాగడాలు దొరికాయి కాబట్టి పిల్లలు గుహ చూశారు. మన మాస్టార్లకు కాగడాలు మనం ఇద్దాం.

మా వంతు సంగతి కూడా చెప్పాలి, చెప్పకుండా మిమ్మల్ని అడగడం బాగుండదు. ఆ యాత్ర నుంచి వచ్చిన ఏడాది నుంచి మా ఇంటి పై వాటా అద్దెలో రెండు నెలలది ఆమె తీసి పక్కకు పెడుతోంది. లెక్కంతా ఆమెదే, నన్ను ముట్టుకోనివ్వదు. లెక్కల్లో మొదటిదని చెప్పాను కదా. ఇప్పటిదాకా ఇద్దరు ఆడపిల్లలు దాంతో పది దాటారు. వాళ్లు ఎవరో నేను చెప్పను.

అవకాశం ఉన్నవాళ్లు జెజు పోయిరండి. వసంతంలో పోతే పూలు, శిశిరంలో పోతే నారింజలు. ఓన్‌ప్యోంగ్‌లో దిగడం మాత్రం మరవకండి.